ఓడ వస్తేనే ఊరు: బందా నైరా

బందా నైరాలో కోడిగుడ్డు రేటెంత అని అడిగితే టక్కున చెప్పడం కష్టం, ఓడ వచ్చి ఎన్ని రోజులైందో ముందు తెలియాలి. ఓడ వచ్చిన మర్నాడు బజార్లో బియ్యం, ఉల్లిపాయలు, గుడ్లు, కూరగాయలు అన్నీ దొరుకుతాయి, అదే సముద్రం బాగోక వారం పది రోజులు ఓడ రాలేదంటే సగం గంపలు బోర్లించి ఉంటాయి, మిగతా సగంలో ఉన్నవాటి రేట్లు చెట్టెక్కి కూర్చుంటాయి. చేపలకి మాత్రం ఎప్పుడూ లోటుండదు. ఇండోనేషియా తూర్పు భాగంలో, మలుకు రాష్ట్రంలో, ఆంబోన్ నగరం నుంచి దాదాపు 200 కిలోమీటర్లు సముద్రం దాటితే వచ్చే చిన్న ఊరు ఇది. మారుమూల, లోకం మర్చిపోయిన దీవి అని ట్రావెల్ వీడియోల్లో తెగ చెప్తుంటారు. నిజమే, మారుమూలే. అయితే ప్రపంచం మొత్తం ఈ ఊరి కోసం కొట్టుకున్న రోజుల్లో కూడా దీని పరిస్థితి ఇంతే, తినే గింజ బయట నుంచి ఓడలో రావాల్సిందే. బందా చరిత్ర అనగానే అందరూ జాజికాయ కథ చెప్తారు, కొంచెం తరిచి చూస్తే అది ఓడల కథ, ఓడ ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ళ చేతిలోకి పోయిన కథ.

ముందు దీవుల సంగతి. బందా అంటే ఒక దీవి పేరు కాదు, పదో పదకొండో చిన్న చిన్న దీవుల గుంపు, అన్నీ కలిపి జనాభా ఇరవై వేలకి అటూ ఇటూ. గుంపు మధ్యలో మూడు దీవులు దగ్గర దగ్గరగా ఉంటాయి: ఊరున్న నైరా, దాని పక్కన వంకీ తిరిగిన లోంథోర్ (పెద్ద బందా అని కూడా అంటారు), వాటి నడుమ శంకువులాగా నిలబడ్డ గునుంగ్ అపి. గునుంగ్ అంటే కొండ, అపి అంటే నిప్పు, అంటే మనం అగ్నిపర్వతం అనే మాట ఎలా కట్టుకున్నామో వాళ్ళూ అలాగే కట్టుకున్నారు, వేరే పేరు పెట్టే ఓపిక కూడా పడలేదు. అసలు ఈ మూడూ ఒకప్పటి ఒకే పెద్ద అగ్నిపర్వతం ముక్కలు. అది పేలి నడుం విరిగి కూలిపోయాక మిగిలిన గోడల ముక్కలే నైరా, లోంథోర్, ఆ గుంటలోంచి తర్వాత కొత్తగా లేచిన కొండ గునుంగ్ అపి. ఎత్తు ఎక్కువేం కాదు, 640 మీటర్ల దాకా ఉంటుంది, కానీ సముద్రం ఒడ్డు నుంచి నిటారుగా లేస్తుంది కాబట్టి ఊళ్ళో ఏ సందులో నిలబడ్డా తల పైకెత్తితే అదే కనిపిస్తుంది. నైరాకీ దానికీ మధ్య ఉన్న సందు కొన్ని వందల మీటర్లే, ఈతొచ్చినవాడు దాటేయొచ్చు అన్నట్టుంటుంది. పెద్ద ఓడలు ఒడ్డు దాకా రావడానికి కారణం కూడా ఈ కూలిపోయిన పర్వతమే, గుంట లోతు, చుట్టూ దీవులు గాలిని అడ్డుకుంటాయి, సహజంగా తయారైన హార్బర్ అది. అంటే ఈ ఊరికి రేవునిచ్చింది, సారమున్న మట్టినిచ్చింది, అప్పుడప్పుడు బెదరగొట్టేదీ ఒకటే.

బెదిరించడం అంటే ఊరికే కాదు. 1988 మే 9న కొండ పగిలింది, ఉత్తరం వైపు, దక్షిణం వైపు లావా పారి సముద్రంలోకి దిగింది, కొండ అడుగున ఉన్న పల్లెలు పోయాయి. చనిపోయినవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే, ఎందుకంటే జనం పడవల్లో దాటేశారు, నైరా నుంచి కూడా వేలమందిని ఓడల్లో ఎక్కించి పంపేశారు. అంతకు ముందు కొండ లేచింది 1901లో, అంటే 1988 నాటికి దాన్ని కళ్ళారా చూసి గుర్తుంచుకున్నవాళ్ళు దాదాపు లేరనే చెప్పాలి. ఈ పేలుడు తర్వాత జరిగింది మాత్రం శాస్త్రవేత్తలకే నోరెళ్ళబెట్టించింది. చల్లారిన లావా నీళ్ళలో ఎక్కడైతే పరుచుకుందో అక్కడ ఐదేళ్ళు తిరిగేసరికి పగడాలు సగానికి పైగా కప్పేశాయి, బల్లలాగా పరుచుకునే రకం పగడం మూడడుగుల వెడల్పు దాకా పెరిగింది, పక్కనే లావా తగలని పాత చోట కూడా అంత దట్టంగా లేదు. 1990ల మధ్యలో ఇది రీసెర్చ్ పేపర్‌గా వచ్చింది. ఇప్పుడు డైవింగ్‌కి వచ్చేవాళ్ళందరూ మొదట అడిగేది ఆ లావా చోటే. ఇళ్ళు తగలబెట్టిన లావా మీదే టూరిజం నడుస్తోంది అంటే వినడానికి ఎలాగో ఉంటుంది కానీ ఉన్నమాట.

కొండొక్కటే అయితే ఏదో సర్దుకోవచ్చు, కింద సముద్రం కూడా కుదురుగా ఉండేది కాదు. ఈ దీవులకి తూర్పున సముద్రం ఏడు వేల మీటర్లకి పైగా లోతుకి దిగిపోతుంది, భూమి పలకలు గుర్రపునాడాలాగా ఒంగి ఒకదాని కిందకి ఒకటి దూరే చోటు అది. 1629లో, మళ్ళీ 1852లో భూకంపం వచ్చి వెనకే సునామీ వచ్చిన రికార్డులు డచ్ కాగితాల్లో ఉన్నాయి. ఇవన్నీ తెలిసి కూడా జనం ఇక్కడెందుకున్నారు అంటే సమాధానం చెట్టు మీద ఉంది.

జాజికాయ చెట్టు పెద్ద అందగత్తేం కాదు, మామూలుగా చూస్తే ఏ నేరేడు చెట్టో అనుకుని పక్కనించి వెళ్ళిపోతాం. ఎండ నేరుగా పడితే ఓర్చుకోదు, అందుకని బందాలో ఆకాశాన్నంటే కెనారి చెట్ల నీడలో పెంచుతారు, కింద జాజి, పైన కెనారి, రెండంతస్తుల తోట అన్నమాట. కెనారి గింజ బాదంలాగా ఉంటుంది, దాన్ని నూరి వంకాయ కూరలో వేస్తారు, మనం గుత్తివంకాయలో పల్లీలు వేసినట్టే. జాజిలో ఆడచెట్లు, మగచెట్లు వేరువేరుగా ఉంటాయి, నాటిన కొన్నేళ్ళకి పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు, ఏడెనిమిదేళ్ళకి గానీ కాపు రాదు, బాగా కాసేది ఇరవై ఏళ్ళు దాటాకే. కోసేవాళ్ళ చేతిలో గై-గై అని ఒక పొడుగాటి వెదురు కర్ర ఉంటుంది, దాని చివర పొడవాటి చిన్న బుట్ట, బుట్ట నోటి దగ్గర కొక్కేల్లాంటి పళ్ళు. పండిన కాయ తనే నెర్రె విచ్చి లోపల ఎర్రగా మెరుస్తుంటుంది, అలాంటిదాన్ని చూసి కర్ర పెట్టి లాగితే కిందపడి పగలకుండా బుట్టలోనే పడుతుంది. ఇంటికి తెచ్చాక అసలు పని. పసుపు పచ్చటి కండ చీల్చి పక్కన పెట్టాలి, దాంతో తియ్యటి మురబ్బా, జామ్, సిరప్ చేస్తారు. లోపల నల్లటి పెంకు, దాని మీద ఎర్రటి జరీ వల కప్పినట్టు ఉండేదే జాపత్రి, దాన్ని చిరక్కుండా వేళ్ళతో ఒలిచి చాప మీద ఆరబెడితే రోజుల్లోనే రంగు నారింజలోకి దిగుతుంది. పెంకుతో ఉన్న గింజని మాత్రం తొందరపడకూడదు, సన్న సెగ, పొగ మీద వారాల తరబడి ఆరనివ్వాలి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటర్లు లేవు, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజ గలగల్లాడాలి, అంతే.

మన ఇళ్ళల్లో తాంబూలంలో వేసిన జాజికాయ, జాపత్రి, చంటిపిల్లలకి సానరాయి మీద అరగదీసి పట్టిన జాజికాయ (ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారు, వాళ్ళ మాటే వినాలి), ఆయుర్వేదంలో జాతీఫలం, ఇవన్నీ పద్దెనిమిదో శతాబ్దం దాకా ఈ నాలుగైదు దీవుల నుంచి వచ్చిన సరుకే. మన పడమటి కనుమల్లో దొరికే రాంపత్రి దీనికి దాయాది, వాసన తక్కువ. అసలైన జాజిచెట్టు లోకం మొత్తం మీద తోటలుగా కాసింది ఇక్కడొక్కచోటే, మనుషులు కావాలని దాచినందువల్ల కొంత, చెట్టు స్వభావం వల్ల కొంత.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బందావాళ్ళు తోటల్లో కూర్చుని కాయలు అమ్ముకునే రైతులు కారు, పక్కా వ్యాపారులు. 1512లో పోర్చుగీసువాళ్ళు వచ్చేసరికే వీళ్ళ పడవలు మలక్కా దాకా వెళ్ళొస్తున్నాయి, ఉత్తరాన ఉన్న తెర్నాతె, తిదోరె దీవుల లవంగాలు, తూర్పున ఆరు అనే పేరున్న దీవుల పక్షి ఈకలు, అన్నీ బందాలో చేతులు మారేవి. రాజు లేడు, ఊరికి కొందరు పెద్దలు, వాళ్ళని ఓరాంగ్ కాయా అనేవాళ్ళు, అంటే కలిగినవాళ్ళు అని. అయితే దీవుల్లో పొలం లేదు. వరి జావా నుంచి, సాగో పిండి సేరాం, కేయి వైపు నుంచి పడవల్లో వచ్చేది, జాజికాయ ఇచ్చి తిండి కొనుక్కునేవాళ్ళు. కట్టుకునే బట్ట కూడా వచ్చేది, అది ఎక్కడ్నుంచో చెప్తే మనవాళ్ళకి ఆశ్చర్యంగా ఉంటుంది. చాలా భాగం మన తీరం నుంచే.

డచ్ ఓడలు మొదటిసారి 1599లో బందాకి వచ్చినప్పుడు మోసుకొచ్చిన సరుకుల్లో ఉన్ని బట్టలు కూడా ఉన్నాయి, భూమధ్యరేఖకి దగ్గర్లో చెమటలు కారుతుంటే ఉన్ని ఎవడిక్కావాలి? బందావాళ్ళకి కావాల్సింది రంగు పోని, పల్చటి నూలు బట్ట, అది గుజరాత్‌లోనూ కోరమాండల్ తీరంలోనూ నేసేవాళ్ళు. వెండి ఇస్తే పుచ్చుకుంటారు కానీ బట్ట ఇస్తే బేరం వేరేగా సాగుతుంది. ఈ సంగతి డచ్‌వాళ్ళకి చాలా త్వరగా అర్థమైంది, వెంటనే మచిలీపట్నం వచ్చి దిగారు. 1605, 1606లలో అక్కడ వాళ్ళ ఫ్యాక్టరీ మొదలైంది, గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్ షా ఫర్మానా ఇచ్చాడు. ఫ్యాక్టరీ అంటే మిషన్లు కాదు, గోడౌనూ ఆఫీసూ కలిసిన కొట్టు. కృష్ణా డెల్టాలో చిరివేరు ఎరుపు వేసి అద్దిన బట్టలు బందరు రేవులో ఎక్కి, జావా మీదుగా బందాలో దిగి, జాజికాయగా మారి, ఆ జాజికాయ ఆమ్‌స్టర్‌డామ్‌లో డబ్బుగా మారేది. 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్ అధికారి కోరమాండల్‌ని మలుకు దీవులకి ఎడమచెయ్యి అన్నాడు, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడ వ్యాపారం లేదని అర్థం. బందరు, బందా అనే పేర్లు దగ్గరగా వినిపిస్తాయి గానీ దాని మీద కథలు అల్లక్కర్లేదు, బట్టల మూటలే చాలినంత చుట్టరికం. బందరు కోటలో, భీమిలి సమాధుల్లో డచ్‌వాళ్ళ గుర్తులు చూసి వీళ్ళు ఇక్కడికెందుకొచ్చారో అనుకునేవాళ్ళకి సగం జవాబు నైరాలో ఉంది.

ఇక డచ్ ఈస్టిండియా కంపెనీ కోరింది ఒకటే, జాజికాయ మాకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదు. 1602లో కొందరు ఓరాంగ్ కాయాలతో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ కాగితం బందావాళ్ళ లెక్కలో అర్థం లేనిది. డచ్‌వాళ్ళు బియ్యం తేరు, సాగో తేరు, తెచ్చిన బట్ట సరిపోదు, మరి జావా వ్యాపారికీ ఇంగ్లీషువాడికీ అమ్మకపోతే తినేదేంటి? కంపెనీ దీన్ని మాట తప్పడం అంది, బందావాళ్ళకి అది పొట్టకూటి సంగతి. 1609లో బేరాలాడ్డానికని పిలిచి అడ్మిరల్ వెర్హూఫ్‌ని, ఆయన మనుషుల్ని మాటువేసి చంపారు. అదే ఏడు డచ్‌వాళ్ళు నైరా ఒడ్డున నసావ్ కోట లేపారు, 1611లో దాని వెనక గుట్ట మీద ఐదు కొమ్ముల బెల్జికా కోట. రెండోది ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది, రిపేర్లు చేశారనుకోండి, పైకెక్కితే రేవూ కొండా లోంథోర్ మొత్తం అరచేతిలో కనపడతాయి. కోట ఎటు చూస్తోందో గమనిస్తే దాని పనేంటో అర్థమవుతుంది, ఊరిని కాపాడ్డానికి కంటే రేవులోకి ఎవరొస్తున్నారో ఎవరు పోతున్నారో కాయడానికి కట్టింది.

1621లో గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జూన్ కూన్ పదమూడు పెద్ద ఓడలతో, రెండు వేలకి దగ్గరగా మనుషులతో వచ్చాడు. లోంథోర్ పట్టుకున్నాడు. జనం కొండల్లోకి ఎక్కారు, కింద తీరం అంతా డచ్ చేతిలో ఉంది, పడవలు తగలబెట్టేశారు, తిండి పైకి వెళ్ళే దారి లేదు. కత్తికి చచ్చినవాళ్ళ కంటే ఆకలికి, జబ్బుకి చచ్చినవాళ్ళే ఎక్కువ, లొంగలేక కొండ చరియల మీంచి దూకినవాళ్ళూ ఉన్నారు. మే 8న నసావ్ కోట దగ్గర వెదురు దడిలో 44 మంది ఓరాంగ్ కాయాలని నిలబెట్టి జపాన్ కిరాయి సైనికుల చేత నరికించారు. ఎనిమిది వందలకి పైగా జనాన్ని ఓడలెక్కించి బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, తరలించారు. యుద్ధానికి ముందు పదిహేను వేలమంది దాకా ఉండేవాళ్ళని అంచనా, తర్వాత దీవుల్లో మిగిలినవాళ్ళు వెయ్యి మంది లోపే. ఈ లెక్కల మీద చరిత్రకారుల్లో తేడాలున్నాయి గానీ ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి అన్నదాంట్లో తేడా లేదు. కూన్‌ని ఆ రోజుల్లోనే సొంత కంపెనీ డైరెక్టర్లు మరీ ఇంతా అని మందలించారు, ఆ తర్వాత బహుమానం కూడా ఇచ్చారు. నెదర్లాండ్స్‌లో ఆయన పుట్టిన హోర్న్ ఊళ్ళో విగ్రహం ఇంకా ఉంది, ఉంచాలా తియ్యాలా అని గొడవా ఉంది.

ఖాళీ అయిన నేలని కంపెనీ ముక్కలు కోసింది, 68 తోటలు, ఒక్కోదాన్ని పెర్కెన్ అన్నారు, పుచ్చుకున్న డచ్‌వాళ్ళు పెర్కెనీర్లు. లోంథోర్‌లో 34, ఆయ్ దీవిలో 31, నైరాలో 3. ఒక్కో తోటకి పాతికమంది బానిసల లెక్క. ఆ బానిసలని ఎక్కడెక్కడి నుంచో తెచ్చారు, చుట్టుపక్కల దీవుల నుంచి మొదలుపెట్టి. కోరమాండల్ తీరంలో కరువు పడ్డ ఏళ్ళలో తిండి లేక తమని తాము అమ్ముకున్నవాళ్ళని డచ్‌వాళ్ళు కొని బటావియా వైపు పంపిన సంగతి కూడా రికార్డుల్లో ఉంది, అంటే ఆ ఎడమచెయ్యి బట్టలతో ఆగలేదు. విచిత్రం ఏంటంటే పెర్కెనీర్లు జాజి తోట పని కొత్తగా కనిపెట్టలేదు, బతికున్న కొద్దిమంది బందావాళ్ళ దగ్గర నేర్చుకున్నారు, గై-గై కర్ర, పొగ సెగ, కెనారి నీడ అన్నీ పాతవే. మారింది ఒక్కటే, పడవలు. బందావాడు ఇక సొంత పడవలో సరుకేసుకుని వ్యాపారానికి వెళ్ళడానికి లేదు. పెర్కెనీరు కూడా కాయలు కంపెనీకి కంపెనీ చెప్పిన రేటుకే ఇవ్వాలి, బియ్యం కంపెనీ దగ్గరే కొనాలి, అందుకని వాళ్ళలోనూ చాలామంది అప్పుల్లోనే బతికారు, దొంగచాటు అమ్మకాలూ నడిపారు. విత్తనం ఎవరూ మొలకెత్తించకుండా జాజికాయల్ని సున్నంలో ముంచి ఓడెక్కించేవాళ్ళు. పావురాలు మాత్రం ఈ రూల్ వినలేదు, పెద్ద జాతి పావురం ఒకటి కాయని జాపత్రితో సహా మింగి వేరే దీవి మీద గింజ వేసి వస్తుంది.

ఈ గుంపులోనే ఉన్న రన్ దీవి సంగతి ఇంటర్నెట్‌లో బాగా తిరుగుతుంది, మాన్‌హట్టన్ ఇచ్చి ఈ దీవి తీసుకున్నారు అని. దాదాపు మూడు కిలోమీటర్ల పొడుగుండే చిన్న దీవి. 1616 నుంచి 1620 దాకా నథానియల్ కోర్టోప్ అనే ఇంగ్లీషువాడు కొద్దిమందితో దాన్ని పట్టుకుని కూర్చున్నాడు, చివరికి పడవలో పోతుంటే డచ్‌వాళ్ళు కాల్చి చంపారు. 1667లో బ్రెడా ఒప్పందం జరిగింది, దాని అసలు సూత్రం ఎవరి చేతిలో ఏది ఉంటే అది వాళ్ళదే అని. రన్ అప్పటికే డచ్ చేతిలో, మాన్‌హట్టన్ మీదున్న న్యూ ఆమ్‌స్టర్‌డామ్ ఇంగ్లీషు చేతిలో ఉన్నాయి. కాబట్టి ఇటు ఇచ్చి అటు పుచ్చుకున్నట్టు చెప్పేది కొంచెం మసాలా దట్టించిన కథ. రన్ మీద జాజిచెట్లని డచ్‌వాళ్ళు అప్పటికే నరికేశారు కూడా, ఇంగ్లీషువాళ్ళకి పనికిరాకుండా.

గుత్తాధిపత్యం ఎలా పోయిందంటే అది కూడా ఓడల్లోనే పోయింది. 1770లో పియెర్ పువావ్ర్ అనే ఫ్రెంచ్ అధికారి మనుషులు మొక్కల్ని సంపాదించి మారిషస్ చేర్చారు. 1796లో ఇంగ్లీషువాళ్ళు బందాని పట్టుకుని కొన్నేళ్ళు ఉంచుకున్నారు, 1810లో కెప్టెన్ క్రిస్టఫర్ కోల్ రాత్రికి రాత్రి బెల్జికా గోడలెక్కి మళ్ళీ పట్టుకున్నాడు, ఆ రెండు విడతల్లో మొక్కలు పెనాంగ్, బెంకూలెన్, సిలోన్ వెళ్ళిపోయాయి. 1843 నాటికి కరీబియన్‌లో గ్రెనడా చేరింది, ఇవాళ ఆ దేశం జెండా మీదే జాజికాయ ఉంది. బందా జెండా మీద కాయ లేదు, అసలు బందాకి జెండానే లేదు, మధ్య మలుకు జిల్లాలో ఒక మండలం లాంటిది అది. కేరళలో ఇప్పుడు జాజి విరివిగా పండుతోంది, మన కిరాణా కొట్లో ఉన్న కాయ అక్కడిదే కావడానికే ఛాన్స్ ఎక్కువ.

ధర పడిపోయాక నైరా నిద్రపోయింది. పెర్కెనీర్లు పాలరాతి నేలలతో, లావుపాటి స్తంభాలతో కట్టిన బంగళాలు నాచు పట్టాయి. చిన్న ప్యాలెస్ అని పిలిచే దొరగారి భవనంలో కిటికీ అద్దం మీద 1831లో ఒక ఫ్రెంచ్ ఉద్యోగి గోకిన కవిత చూపిస్తారు, ఈ చోటు వదిలి ఇంటికెప్పుడు పోతానా అని ఏడ్చిన కవిత, తర్వాత ఉరేసుకున్నాడంటారు. ఓడ రాని చోట ఇరుక్కోవడం దొరలకి కూడా శిక్షే మరి. డచ్ ప్రభుత్వం ఇరవయ్యో శతాబ్దంలో దీన్ని నిజంగానే శిక్షగా వాడుకుంది. స్వాతంత్ర్యం అడిగినవాళ్ళని తెచ్చి ఇక్కడ దింపింది, 1928లో డాక్టర్ చిప్తో మంగున్‌కుసుమో, 1936లో పాపువా అడవుల్లోని దిగుల్ క్యాంపు నుంచి మొహమ్మద్ హట్టా, సుతాన్ షహ్రీర్. జైలు లేదు, గోడలు లేవు, ఓడెక్కకుండా చూస్తే చాలు. వాళ్ళు ఖాళీగా కూర్చోలేదు, ఊరి పిల్లలకి మధ్యాహ్నాలు చదువు చెప్పారు, లెక్కలు, భాషలు, చరిత్ర. షహ్రీర్ కొందరు పిల్లల్ని పెంచుకున్నాడు కూడా. 1942 ఫిబ్రవరి మొదట్లో జపాన్ బాంబులు పడబోతుంటే సీప్లేన్ వచ్చి వీళ్ళని తీసుకెళ్ళింది, షహ్రీర్ పిల్లల్ని వదలనన్నాడు, బరువు ఎక్కువైంది, అన్నేళ్ళూ ఎక్కడికి పంపితే అక్కడికి మోసుకు తిరిగిన పుస్తకాల పెట్టెల్ని హట్టా రేవులోనే వదిలేశాడు. మూడేళ్ళకి ఆయన ఇండోనేషియా మొదటి ఉపాధ్యక్షుడు, షహ్రీర్ మొదటి ప్రధాని. ఇప్పుడు రెండు చిన్న దీవులకి వాళ్ళ పేర్లున్నాయి, ఊళ్ళో ఫిషరీస్ కాలేజీకీ వాళ్ళ పేరే. వాళ్ళ దగ్గర చదువుకున్న పిల్లల్లో ఒకరైన దేస్ అల్వీ (1927-2010) తర్వాత దౌత్యవేత్త అయి, ఊరికి తిరిగొచ్చి కోటలు బాగుచేయించడం, టూరిస్టుల్ని రప్పించడం లాంటివి నెత్తినేసుకున్నాడు. ఆయన లేకపోతే బెల్జికా ఇవాళ పిచ్చిచెట్ల మధ్య ఉండేది.

1999లో మలుకు అంతటా రేగిన మత ఘర్షణలు ఇక్కడికీ తాకాయి, క్రైస్తవ కుటుంబాలు ఓడెక్కి వెళ్ళిపోయాయి, టూరిజం కొన్నేళ్ళు చచ్చిపోయింది. మళ్ళీ కోలుకుంది గానీ పెద్దగా పెరగలేదు. నైరా మీద ఒక చిన్న రన్‌వే ఉంది, దీవికి ఆ అంచు నుంచి ఈ అంచు దాకా, విమానం ఎగరని రోజుల్లో అది వాకింగ్ ట్రాక్. విమానాలు చిన్నవి, వారంలో ఎన్నో చెప్పలేం, క్యాన్సిల్ కూడా మామూలే. నమ్మకంగా ఉండేది పెల్ని అనే ప్రభుత్వ కంపెనీ పెద్ద ఓడ, ఆంబోన్ నుంచి ఒక రాత్రి ప్రయాణం, వేగంగా పోయే చిన్న బోట్లు ఐదారు గంటల్లో తీసుకొస్తాయి గానీ జూన్ నుంచి ఆగస్టు దాకా తూర్పు గాలికి సముద్రం రేగితే అవి ఆగిపోతాయి. పెల్ని ఓడ హారన్ వినపడితే రాత్రి రెండైనా ఊరు లేస్తుంది. మెట్ల మీంచి దిగేవాళ్ళు దిగుతూనే ఉంటారు, ఎక్కేవాళ్ళు తోసుకుంటూనే ఉంటారు, మధ్యలో కార్టన్లు, కోళ్ళు, ఫ్రిజ్‌లు, ప్లాస్టిక్ కుర్చీలు, చదువు కోసం ఆంబోన్ పోతున్న పిల్లాడి చేతిలో అమ్మ పెట్టిన పొగచేపల పొట్లం. కాసేపటికి ఓడ కదులుతుంది, రేవు మొత్తం మళ్ళీ కుక్కలకి వదిలేసి జనం ఇంటికి పోతారు.

పగలు ఊళ్ళో నడిస్తే రోడ్డు పక్క టార్పాలిన్ల మీద జాజికాయలు, జాపత్రి ఆరుతుంటాయి, పాత ఫిరంగులు పెరట్లో అక్కడక్కడా పడుంటాయి, పిల్లలు వాటి మీద కూర్చుని ఆడుకుంటారు. పారిగి రాంతె అనే పాత బావి దగ్గర 1621లో చంపిన ఓరాంగ్ కాయాల పేర్లు రాతి మీద చెక్కారు, కింద తర్వాతి కాలపు ప్రవాస నాయకుల పేర్లు కూడా. చంపినవాళ్ళు కట్టిన కోటలే ఎక్కువ మెయింటెనెన్స్‌తో మెరుస్తుంటే చచ్చినవాళ్ళకి మిగిలింది ఒక బావి, ఒక బోర్డు అన్నట్టుంది. 2015 నుంచి ఈ దీవులు యునెస్కో తాత్కాలిక లిస్టులో ఉన్నాయి, అసలు లిస్టుకి వెళ్తే ఏది ముందు కనపడాలన్నది అప్పుడు తేలాలి.

ఇప్పుడు బందాలో మాట్లాడేది బందా భాష కాదు, మలయ్ యాస. తెచ్చిన బానిసలు, వలసొచ్చినవాళ్ళు, అరబ్బు, చైనా, జావా, బూటన్ దీవి మనుషులు అందరూ కలిసి అల్లుకున్న భాష అది. అసలు బందా భాష ఎక్కడుందంటే తూర్పున కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో, కేయి బెసార్ అనే దీవిలో, బందా ఎలి, బందా ఎలత్ అనే రెండు ఊళ్ళలో. 1621లో పడవ దొరికి తప్పించుకున్నవాళ్ళు అక్కడ దిగారు. నాలుగొందల ఏళ్ళుగా వాళ్ళ మనవలు ఆ భాషే మాట్లాడుతున్నారు, పాటల్లో లోంథోర్ ఊళ్ళ పేర్లు ఇంకా ఉన్నాయి. దీవి ఎవరిదో అయిపోయింది, భాష మాత్రం పడవెక్కినవాళ్ళతో పోయి బతికింది.

జాజికాయ వ్యాపారం ఇప్పుడెలా ఉందంటే, తోటలు కుటుంబాల చేతిలో ఉన్నాయి, ఎవరికి ఇష్టమైతే వాళ్ళకి అమ్ముకోవచ్చు, చెట్టు మీద కంపెనీ లేదు. కాయ కోసిన ఇల్లు నైరాలో చిన్న కొనుగోలుదారుకి ఇస్తుంది, ఆయన ఆంబోన్ వ్యాపారికి, ఆయన సురబయా ఎగుమతిదారుకి, రేటు అక్కడెక్కడో తయారై వెనక్కి నడుచుకుంటూ వస్తుంది. కొన్నేళ్ళుగా ఒక కొత్త తలనొప్పి, బూజు. ఆరీ ఆరని గింజలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది, యూరోపియన్ యూనియన్ రేవుల్లో ఇండోనేషియా జాజికాయని ప్రత్యేకంగా తనిఖీ చేస్తారు, పరిమితి దాటితే సరుకు వెనక్కి. ఒకప్పుడు ఈ కాయ కోసం ఊరిని తగలబెట్టినవాళ్ళ రేవే ఇప్పుడు వద్దు పొమ్మంటుంది. వారాల పాటు పొగ మీద ఆరబెట్టే పాత పద్ధతి పాటిస్తే గొడవ తక్కువ, కానీ డబ్బు అవసరమైనవాడు నాలుగు రోజుల ఎండతో సరిపెట్టి ఓడ వచ్చే రోజుకి బస్తా కట్టేస్తాడు, ఈ ఓడ తప్పితే మళ్ళీ ఎప్పుడో. అందుకే కొనేవాళ్ళలో పాతకాపులు బస్తా మూతి విప్పి ఓ గుప్పెడు తీస్తారు, ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపుతారు, గలగల్లాడనిది పక్కన పడేస్తారు.